రంగుల గదిలో కొత్త లెక్క

పద్దెనిమిదేళ్లుగా రంగులు తూచే గది నాది. అద్దకం మిల్లు మొత్తంలో కూర్చుని చేసే పని అదొక్కటే. నా మోకాళ్లు అంతకుముందు ఆవిరి తొట్ల దగ్గరే అరిగిపోయాయి. ఆ కుర్చీ కూడా పోతే ఇక నిలబడి చావాల్సిందే.

పని తేలికే. శాంపిల్ ముక్కకు మొదట కిలోకు 2.7 గ్రాముల రంగు లెక్కన వేస్తాం. చాలకపోతే ఇంకో 1.6. ఎంత పెంచామో తర్వాత తెలియాలని చీటీలో రెండూ విడివిడిగానే రాస్తాం. కంప్యూటర్లోని కాలిక్యులేటర్‌లో నేను ఆ వరసలోనే కొడతాను: 2.7, ప్లస్, 1.6, ఇంటూ, బట్ట బరువు 38.5. మధ్యలో ఆగను, మీటల వంక చూడను. 165.55 వస్తుంది. తూచి పంపిస్తాను.

సోమవారం పొద్దున కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. నన్నెవరూ అడగలేదు, అడిగితే వద్దనేవాణ్ణి. కాలిక్యులేటర్ పెళ్లికూతురిలా ముస్తాబై కూర్చుంది. ఎప్పటిలాగే కొట్టాను. 64.3 వచ్చింది. తూచి పంపాను.

అంత బట్టకు ఇంతే రంగేమిటని ఒకప్పుడైతే నోటిలెక్కతోనే పట్టేసేవాణ్ణి. ఆ బుర్రను ఎప్పుడో ఈ డబ్బాకు అప్పగించేశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం మా ఆవిడ ఒక ముక్క పట్టుకొచ్చింది. తను అదే మిల్లులో మడతల బల్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతుంది.

"ఇది ముదురు ఎరుపేనా?" అంది.

లేత గులాబీ.

"నీ కళ్లకేమైనా అయిందా?" అన్నాను, నా కళ్లతో చూస్తూనే.

"నా కళ్లు బానే ఉన్నాయి. ఇలాంటివి మూడు తొట్లు దిగాయి."

మళ్లీ రంగు పోశాం. బట్టంతా మచ్చలు తేలింది. కంప్యూటర్లు చూసే అతను వచ్చి, పాఠం చెప్పే మాస్టారిలా గొంతు సవరించుకున్నాడు.

"గుణకారం ముందు చెయ్యాలండీ, కూడిక తర్వాత. ఇన్నాళ్లూ ఇది తప్పు చేసేది. ఇప్పుడు సరిచేశారు."

"ఆ తప్పుతోనే ఇన్నేళ్లూ రంగులు సరిగ్గా వచ్చాయి. పాతది మళ్లీ పెట్టు."

"అది ఇక రాదండీ. కూడిక అయ్యాక ఒకసారి ఈక్వల్ నొక్కండి, చాలు."

ఒక్క మీట. పసిపిల్లలు కూడా నొక్కుతారు.

మర్నాడు యజమాని చేతులు కట్టుకుని నా వెనక నిలబడ్డాడు. మూడు చీటీలు గుర్తుపెట్టుకుని కొట్టాను. నాలుగోదానికి తొట్ల దగ్గర నుంచి ఎవరో తొందరపెట్టారు. అంతే, వేళ్లు పాత దారి పట్టాయి. అంకె చూసి కూడా నాకు అనుమానం రాలేదు. ఆయనకొచ్చింది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రేపట్నుంచి మడతల దగ్గరికి వెళ్లండి," అన్నాడు. నా కుర్చీ వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఆవిడకు ఎదురుగా నిలబడతాను. దుప్పటికి నేనో కొస, తనో కొస. మధ్యాహ్నానికే మోకాళ్లు ప్రాణం తీస్తాయి. నిన్న తను ఉన్నట్టుండి ఆగి నా కుడిచేతి వంక చూసింది. చూస్తే, వేళ్లు దుప్పటి మీద ఆడుతున్నాయి. 2.7, ప్లస్, 1.6, ఇంటూ.

"దేనికండీ ఆ లెక్క?" అంది మెల్లగా.

వేళ్లు ముడుచుకుని కొస పట్టుకున్నాను. దుప్పటి నిండా గులాబీ మచ్చలు.