పాప దగ్గరి ఆకులు

రెండేళ్ళుగా చడీచప్పుడూ లేని సీసాలో ఆ ఉదయం ఈగలు లేచాయి. ఒక్కొక్కటి దోమలో సగం లేదు. తిండి ముట్టవు, ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టి పోతాయి. అడుగునున్న మట్టి మీద రోజూ నీళ్ళు చిలకరించే పెద్దమ్మే ముందు చూసింది. ఆ సీసాలోని ఆకులు కోసుకొచ్చింది ఆమె మొగుడు. ఈ పురుగుల పరిశోధనశాలకు ఆకులు తేవడమే అతని పని. ఇవి తెచ్చిన వారానికే పోయాడు.

ఈగలు లేచేదాకా సీసా మీద చీటీ ఎవరూ చూడరు. పెద్దమ్మకు చదువు రాదు. పురుగుల మేడమ్ పరుగున వచ్చి చీటీ తిప్పింది.

"ఈ ఈగ ఏటికి అవతలే ఉందనుకున్నాం. ఇవతల ఎక్కడ దొరికిందో! చోటు రాయవయ్యా అంటే 'పాప దగ్గర' అని రాశాడు మీ ఆయన. ఏ పాప పెద్దమ్మా, పక్కింటి పాపా, ఎదురింటి పాపా?"

పెద్దమ్మకు పాప అంటే ఒక్కతే. ముప్పై ఏళ్ళ కిందట పొద్దున పుట్టి సాయంత్రానికి కన్నుమూసిన బిడ్డ. తనకు తెలివి వచ్చేలోగా అతడే పూడ్చి వచ్చాడు. ఎక్కడని కాళ్ళావేళ్ళా పడినా, "చూస్తే నువ్వు మళ్ళీ మనిషివి కాలేవు" అనేవాడు. ఆ చోటు కడదాకా కడుపులోనే దాచుకున్నాడు.

"ఆ ఆకుల చెట్లు ఊళ్ళో ఎక్కడున్నాయమ్మా?" అంది పెద్దమ్మ.

"పాత ఆసుపత్రి వెనక గోడ పొడుగునా. ఇంకెక్కడా లేవు. కానీ అక్కడ ఇళ్ళూ లేవు, పాపలూ లేరు."

ఆ ఆసుపత్రిలోనే పెద్దమ్మ కన్నది. ఇద్దరూ బయలుదేరారు.

పదకొండు చెట్లు. పదింటి ఆకులు నున్నగా ఉన్నాయి. చివరిదాని ఆకులకే పొక్కుల్లా బుడిపెలు.

"ఈ బుడిపెలు ఆ ఈగలు చేసినవే. ఇవి దూరం ఎగరలేవు. పుట్టిన చెట్టును పట్టుకునే ఉంటాయి" అంది మేడమ్.

ఆ చెట్టు మొదలు దగ్గర ఒక రాయి. మనిషి కూర్చుని కూర్చుని నున్నబడింది. ఆదివారాలు కూడా మొగుడు ఆకులకని పోతుంటే, ఆకుల పిచ్చోడా అని దెప్పేది పెద్దమ్మ. గాలి లేదు. అయినా చెట్టు కింద ఎవరో చిన్నగా ఊపిరి తీస్తున్నట్టే ఉందామెకు.

మేడమ్ చిన్న పార తీసింది.

"ఆకులు ఎన్నైనా కోసుకో తల్లీ. మట్టి ముట్టుకోకు."

"అదేంటి పెద్దమ్మా! పిల్లపురుగులు ఆకు వదిలి మట్టిలోకే దిగుతాయి. కొన్ని ఏళ్ళ తరబడి అక్కడే నిద్రపోతాయి. తవ్వకపోతే ఎలా?"

పెద్దమ్మ పార మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"నిద్రపోనీ."

మేడమ్ ఆమె మొహం చూసింది, రాయిని చూసింది. పార సంచిలో పెట్టి కొమ్మ వంచింది.

"ఆకులు చాల్లే, పెద్దమ్మా."