చివరి పసుపు గీత

గొడవ ఫ్లాస్కు మూత దగ్గర మొదలైంది. ఆ మూత ఆ ఫ్లాస్కుది కాదని అత్తగారు. ఇన్నేళ్లుగా తను మోస్తున్న ఫ్లాస్కు మూత తనకు తెలియదా అని మామగారు. ఇంట్లో ఉన్న రెండు ఫ్లాస్కులూ ఒకే రంగువి, ఒకే కొట్లో కొన్నవి. మరలో ఒక చుట్టు తేడా, అంతే. కోడలు రొట్టెలు కాగితంలో చుడుతూ ఎవరి పక్షమూ చేరలేదు. ఆ ఇంట్లో ఆమె మొదట నేర్చుకున్న విద్య అదే.

"కారిందంటే నాతో చెప్పకండి," అన్నారు అత్తగారు.

"కారితే కదా చెప్పడానికి."

మామగారిది కొండమీది పాత అడవిలో కాలిదారి చూసుకునే ఉద్యోగం. చలికాలమంతా మంచు కింద ఉన్న దారిలో ఏటా ఆయనే మొదట నడవాలి. పడిన కొమ్మలు తీసి, చెట్లమీద వెలిసిపోయిన పసుపు గీతలకు మళ్లీ రంగు వేసి, చివరిదాకా నడిచాను, బాగుంది అని ఆఫీసులో కాగితం రాసివ్వాలి. అప్పటిదాకా ఎవరినీ కొండెక్కనివ్వరు. ఈసారి రంగూ, కాగితమూ పోయిన వారమే అయిపోయాయి. ఆదివారం నుంచి జనం వస్తారు. అయినా తెరిచేముందు ఇంకోసారి వెళ్లి చూడకపోతే ఆయనకు తోచదు. ఆ మోకాలితో ఒంటరిగా వద్దని కొడుకు పట్టుబట్టాడు. అతనికి సెలవు దొరకలేదు కాబట్టి కోడలు తోడు బయలుదేరింది.

అడవిలో పొద్దెక్కినా వెలుతురు రాలేదు. నలుగురు చేతులు కలిపినా అందని మాన్లు, మొదళ్ల నిండా తడి నాచు, నీడల్లో ఇంకా కరగని మురికి మంచు. పిట్ట కూత లేదు. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు ఒక్కటే. మామగారు గీతల వంక చూడకుండా నడుస్తున్నారు. గీతలు కొత్తవాళ్ల కోసమనేది ఆయన పాత మాట. ఆయనకు చెట్లే గుర్తు. ముసలమ్మ దగ్గర ఎడమకు తిరిగితే ఇక కళ్లు మూసుకుని పోవచ్చంటారు. ముసలమ్మ అంటే ఆ కొండకంతటికీ లావైన చెట్టు. పెళ్లయిన కొత్తలో కోడలిని దాని తొర్రలో నిలబెట్టి ఫొటో తీయించింది ఆయనే.

లావుపాటి మాను ఒకటి రాగానే ఆయన ఎడమకు తిరిగారు. కొత్త గీతలూ అటే ఉన్నాయి. కోడలు ఆగింది. ఆ మానుకు తొర్ర లేదు. కొత్త రంగు అంచున పాత రంగు జాడ కూడా లేదు. ఈయనకు నేను దారి చెప్పడమేమిటని నోరు మూసుకుని వెనకే నడిచింది.

తొమ్మిదో గీత ఉన్న చెట్టు వెనక ఇంకేమీ లేదు. నేల కోసేసినట్టు తెగి లోయలోకి జారిపోయింది. అసలు మలుపూ, అక్కడి దారీ ఆ జారుడులోనే పోయాయి. చాలా కింద, వేళ్లు పైకెత్తి, తొర్ర ఆకాశం వైపు తెరుచుకుని ముసలమ్మ పడి ఉంది.

చెట్టు మొదట్లో ఆయన బూటు అచ్చు ఎండిపోయి ఉంది. మడమ మాత్రమే. ముందు సగం తర్వాతెప్పుడో నేలతోపాటు జారిపోయింది.

మామగారు అక్కడినుంచి వెనక్కి వచ్చి ఒక వేరుమీద కూలబడ్డారు. కోడలు సంచీ విప్పింది. టీ అంతా కారి రొట్టెలు నానిపోయాయి. అడుగున మిగిలింది మూతలో పోసి ఇస్తే, పట్టుకున్నారు గానీ తాగలేదు.

"ఆ రోజు పొగమంచు," అన్నారు. "ఆ లావు మానునే ముసలమ్మ అనుకుని తిరిగా. మోకాలు సలుపుతోంది. ఈ గీత వేసి వెనక్కి తిరిగా. అవతలంతా నాకు తెలిసిన దారే కదా అనుకున్నా."

"అంటే చివరిదాకా నడవలేదా మామయ్యా?"

"కాగితంలో నడిచాను."

తొమ్మిది గీతలూ ఇద్దరూ కలిసి కత్తితో గీకేశారు. బెరడు తడిసి ఉందేమో, రంగు తేలిగ్గానే ఊడింది. దిగేటప్పుడు కోడలు మెల్లగా చెప్పి చూసింది. నేల నిన్నో మొన్నో జారిందని చెబితే ఆఫీసువాళ్లు దారి మూసేస్తారు, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు, ఇంట్లో కూడా.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు తడి సంచీ తెచ్చి అందరికీ కనబడేలా కుర్చీకి తగిలించారు.

"మూత కారలేదు కదండీ?"

"కారింది. నువ్వు చెప్పిందే నిజం."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ విని ఉండలేదు. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. సిద్ధం చేసుకున్న దెప్పులన్నీ మరిచి ఆయన ముఖంలోకి చూశారు. కొడుకు తల ఎత్తాడు. కోడలు ఎత్తలేదు.

మామగారు కంచం కొంచెం పక్కకు జరిపారు.

"రేపు ఆఫీసుకి వెళ్తున్నా. నడవకుండానే నడిచానని రాసిచ్చానని చెప్పి దారి మూయిస్తా. గేటు తాళం, రంగు డబ్బా అక్కడే ఇచ్చేసి వస్తా. ఇక ఆ దారి నేను చూడను."