మిషన్ మీద నూట పది

విజయమ్మకు దేవుడి తర్వాత నమ్మకమంటే బీపీ మిషన్ మీదే. పొద్దున్నే భర్త మధుసూదన్ జబ్బకు పట్టీ చుట్టడం, నూట అరవై చూసి కస్సుమనడం పదేళ్లుగా ఆమె చేస్తున్న నిత్యపూజ. ప్లాట్లు అమ్ముకుంటూ రోజంతా ఎవరో ఒకరి మీద అరిచే మనిషికి బీపీ ఎక్కడ తగ్గుతుంది?

ఆ ఉదయం తూంకుంట దగ్గర ఆగి ఉన్న టిప్పర్‌ను మధుసూదన్ కారు గుద్దింది. బెల్టు పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. స్టీరింగ్ ఛాతీకి గట్టిగా తగిలింది, కానీ చుక్క రక్తం రాలేదు. తెలిసినవాళ్ల బండెక్కి శామీర్‌పేటలోని ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"దవాఖానకు పోదాం మామయ్యా. చేతులు సల్లగున్నయి, చెమటలు వడుతున్నయి," అంది కోడలు భవిత.

విజయమ్మ మిషన్ పెట్టింది. నూట పది! ఆమె ముఖం వెలిగిపోయింది. "సూడుర్రి, గిన్నేండ్లకు నార్మల్‌కొచ్చింది. గుండె మంచిగనే ఉన్నది. పరేషాన్ గాకు, జరసేపు పండుకోనియ్."

రోజూ వేసుకునే బీపీ గోలీ తెచ్చింది.

"ఇప్పుడొద్దే, కడుపుల తిప్పుతాంది," అన్నాడు మధుసూదన్.

"టైం తప్పితే మళ్ల పెరుగుతది," అని నోట్లో వేసి నీళ్లు తాగించింది.

గంటన్నర తర్వాత పిలిస్తే ఆయన పలకలేదు.

మేడ్చల్ ఆస్పత్రిలో డాక్టర్ విశ్వతేజ గబగబా చెప్పాడు. "పక్కటెముక విరిగి ఛాతీలో రక్తం నిండుతోంది. గుండె కూడా కమిలింది. ఇంత రక్తం పోతే గుండె పరుగెత్తాలి, ఈయనది పరుగెత్తడం లేదు. ఇవాళ ఏమైనా మందులు వేసుకున్నారా?"

చుట్టూ మధుసూదన్ అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. భవిత అత్త ముఖం చూసి, "తెల్వది సార్," అంది.

 విజయమ్మ సంచిలోంచి గోలీల అట్ట తీసి ఇచ్చింది. "ఏసిన సార్. దెబ్బ తాకినంక ఏసిన. వద్దంటుంటె నేనే ఏసిన."

డాక్టర్ అట్ట చూశాడు. "ఇది గుండె వేగాన్ని పట్టి ఉంచే మాత్రమ్మా," అంటూ లోపలికి పరుగెత్తాడు. మిషన్‌లో నూట పది వచ్చిందని ఆమె వెనక నుంచి చెప్పింది. "ఎప్పుడూ నూట అరవై ఉండే మనిషికి అది నార్మల్ కాదు, పడిపోతున్నట్టు," అన్న మాట తలుపు మూసుకునేలోపు వినబడింది.

మధ్యాహ్నం రెండింటికి మధుసూదన్ పోయాడు.

పదకొండో రోజు విజయమ్మకు కళ్లు తిరిగాయి. భవిత మిషన్ తెచ్చేసరికి ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గది ఏం జెప్పినా నాకొద్దు బిడ్డా," అంది. కాసేపటికి ఆ చేతినే కోడలి ముందుకు చాపింది. "నువ్వు పట్టుకొని జెప్పు. సల్లగున్నదా?"