ఖాళీ ట్యాంకు

ఆ అన్నదమ్ములిద్దరూ ట్యాంకులు కడిగే పనివాళ్లు. చాన్నాళ్లుగా మూతపడి ఉన్న ఒక ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం భోజనం చేసి, కడగడానికి నీళ్ల ఇనుప ట్యాంకు మూత తీశారు. గంట తర్వాత వాచ్‌మన్ తొంగి చూస్తే ఇద్దరూ అడుగున ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఫైరింజన్ వాళ్లొచ్చి కొక్కేలతో పైకి లాగేసరికే ప్రాణాలు పోయాయి.

ఒంటి మీద గాయం లేదు. ట్యాంకులో మందుల వాసన కూడా లేదు. దాంతో అనుమానమంతా ఇంటి నుంచి వెళ్లిన క్యారియర్ మీద పడింది. వండింది అన్న భార్య.

“ముందురోజే మొగుడితో మాటా మాటా అనుకుంది బాబూ. తిండిలోనే ఏదో కలిపింది” అని అత్తగారు స్టేషన్లో గుండెలు బాదుకుంది. కోడలిని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె ఏడవనూ లేదు, మాట్లాడనూ లేదు.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టరమ్మకు పాతికేళ్ల అనుభవం. గొంతు నులిమినా, ముక్కు మూసినా మామూలుగా ఏదో ఒక గుర్తు మిగులుతుందని ఆమెకు తెలుసు. ఇక్కడ ఏదీ లేదు. గోళ్లు మాత్రం నీలంగా ఉన్నాయి.

“నీలమంటే విషమే కదండీ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఊపిరాడకపోయినా నీలమే. ల్యాబ్ రిపోర్టుకు నెల పడుతుంది. అంతదాకా ఆ పిల్లని బెంచీ మీదే ఉంచుతారా? పదండి, ట్యాంకు చూద్దాం.”

మూత తీసే ఉంది. తడి ఆరని గోడలు పై నుంచి కింద దాకా ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి.

“ఉత్త ఖాళీ ట్యాంకమ్మా. కావాలంటే దిగి చూపిస్తాను” అంటూ ఇన్‌స్పెక్టరు నిచ్చెన మీద కాలు పెట్టాడు. డాక్టరమ్మ అతని బెల్టు పట్టుకుని వెనక్కి లాగింది.

ఫైర్‌స్టేషన్ నుంచి తెచ్చిన, గాలిని కొలిచే మీటరును తాడు కట్టి దించారు. గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక వంతు ఉండాలి. రెండు నిలువుల లోతుకు వెళ్లేసరికి మీటరు కీచుమని మోగడం మొదలుపెట్టింది. పైకి లాగి, అడుగున నమోదైన అంకె చూస్తే ఆరు.

“తుప్పు పట్టాలంటే ఇనుముకూ ఆక్సిజన్ కావాలి. ఇన్నాళ్లూ మూత బిగించి ఉంచారు కదా, లోపలున్నదంతా అది తినేసింది. ఇప్పుడు మూత తీసినా ఆ చిన్న కంతలోంచి కొత్త గాలి అడుగుదాకా పోదు” అంది డాక్టరమ్మ. “రెండు గుక్కలు పీలిస్తే చాలు, మనిషి కూలబడిపోతాడు. అన్న పడిపోతే తీయడానికి తమ్ముడు దిగి ఉంటాడు.”

ఇన్‌స్పెక్టరు నిచ్చెనకు దూరంగా వెళ్లి గోడకు ఆనుకున్నాడు.

అప్పుడు వాచ్‌మన్ మెల్లగా అన్నాడు. “పోయినేడూ ఒకతను ఇందులోనే పడిపోయాడమ్మా. గుండెపోటని రాశారు.”

“ఎవరు రాశారు?”

అతను నేల చూపులు చూశాడు. “మీరేనమ్మా.”

ఆమెకు ఆ శవం గుర్తొచ్చింది. యాభై దాటిన మనిషి, పూడుకుపోయిన గుండె నాళం. చావుకు కారణం దొరికిందనుకుని అక్కడితో ఆగిపోయింది. ఎక్కడ పడ్డాడని అడగనే లేదు.

ఆ సాయంత్రమే రెండు రిపోర్టులు రాసింది. ఒకటి అన్నదమ్ములది. రెండోది, పోయినేడు తను రాసింది తప్పని.

కోడలిని వదిలేశారు. అత్తగారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకోబోతే ఆమె తప్పించుకుని పక్కకు జరిగింది. డాక్టరమ్మ కోడలిని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది, పోయినేటి సంగతితో సహా.

అంతా విని ఆమె మొదటిసారి నోరు విప్పింది. “అప్పుడే సరిగ్గా రాసుంటే మావాళ్లు దిగేవాళ్లు కాదు కదండీ?”

“దిగేవాళ్లు కాదమ్మా” అంది డాక్టరమ్మ.