దొంగ కుంటు

రామబ్రహ్మానికి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. పడిపోయిన కుడి పక్క మెల్లగా కదిలి, కర్ర పట్టుకుని నడిచే దాకా వచ్చాడు. ఇంట్లో మనుషులు లేక కాదు గానీ, కొడుకు రవికిరణూ కోడలు రసజ్ఞా చెరో గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం ఎవరితోనో మీటింగుల్లో ఉంటారు. ఆ ఎవరిలో తను లేడు. కాకినాడలో దారినపోయేవాళ్ళను ఆపి మరీ మాట్లాడే మనిషికి, హైదరాబాదు పుప్పాలగూడలో పన్నెండో అంతస్తులో రోజుకు పది మాటలు కరువయ్యాయి.

అపార్ట్‌మెంట్ చుట్టూ నడకదారి ఉంది. అందరూ వెనకనుంచి రయ్యిన వచ్చి, "బాగున్నారా అంకుల్" అని, జవాబు వినకుండానే దాటిపోతారు. దాటిపోనిది ఒక్క లింగమూర్తే. ఆయనకు ఎడమ పక్క పడిపోయింది మరి. భూమి బిల్డరుకిచ్చి, బదులుగా వచ్చిన ఫ్లాట్‌లో భార్య భాగ్యమ్మతో ఉంటున్నాడు. నీళ్ళ సీసా ఒకరు పట్టుకుంటే ఒకరు మూత తిప్పేవారు. రౌండుకు అరగంట పట్టేది. వాళ్ళ కబుర్లకు అదీ చాలేది కాదు.

చిక్కల్లా రామబ్రహ్మం కాలు బాగుపడటంతో వచ్చింది. ఫిజియోథెరపిస్టు నీహారిక ప్రతి శనివారం వచ్చి, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడుస్తారో ఇద్దరికీ కొలుస్తుంది. లింగమూర్తి నూట ఇరవై దగ్గరే ఆగిపోయాడు. తను రెండువందలు దాటేసరికి రామబ్రహ్మం గుండెల్లో రాయి పడింది. ఇంకాస్త వేగం వస్తే తనూ ఆ దాటిపోయేవాళ్ళలో ఒకడవుతాడు. అప్పుడిక మాట్లాడేదెవరితో? అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి, బడి ఎగ్గొట్టే పిల్లాడిలా దొంగ కుంటు మొదలుపెట్టాడు.

"వెనక్కి వెళ్తున్నారేంటి అంకుల్? డాక్టరుకి చూపిద్దామా?" అని నీహారిక కంగారుపడితే, మోకాలు పట్టేసిందమ్మా అని బొంకాడు.

ఓ బుధవారం పొద్దున లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే, నాలుగంగల్లో వెళ్ళి లోపల దూరాడు. లోపల లింగమూర్తి ఉన్నాడు. ఆయన కాళ్ళకేసి చూశాడు. కిందికెళ్ళాక రామబ్రహ్మం ఎప్పట్లా కాలు ఈడ్చబోతే లింగమూర్తి నిలబడిపోయాడు.

"సారూ, ఇగ చాలు. ఎన్ని దినాల సంది కుంటుతున్నవ్ గిట్ల?"

"మీతో కలిసి నడుద్దామనండి, అంతే."

"నా కోసం ఎవ్వలు కుంటొద్దు. జాలిపడెటోళ్ళు నాకు మస్తుగున్నరు."

జాలి కాదు, నువ్వు లేకపోతే నాకెవరూ లేరయ్యా అనబోయాడు రామబ్రహ్మం. అంత మాటకారికీ ఆ ఒక్క మాట పెగల్లేదు.

మర్నాటి నుంచి లింగమూర్తి కిందికి రాలేదు. రెండు రోజులు చూసి, వెళ్ళి బెల్లు కొడితే భాగ్యమ్మ తలుపు సగమే తీసింది.

"ఇంట్లనే నడుస్తుండన్నా. మీరొస్తే లేడని చెప్పమన్నడు. ఫికర్ చెయ్యకుండ్రి, మీరు మంచిగ నడుచుకోండ్రి."

లోపల కర్ర చప్పుడు ఆగిపోయింది. రామబ్రహ్మం వెనుదిరిగేదాకా మళ్ళీ వినపడలేదు.

శనివారం రామబ్రహ్మం కుంటలేదు. కోపమో ఏడుపో తెలియని ఊపులో ఆరు నిమిషాలూ నడిచాడు. మూడువందల పదకొండు మీటర్లు. నీహారిక చప్పట్లు కొట్టింది.

"ఇక నేను కూడా రానక్కర్లేదు అంకుల్. ఎవరి తోడూ లేకుండా హాయిగా నడవొచ్చు మీరు."

"అలాగేనమ్మా" అన్నాడు రామబ్రహ్మం.