వాసన ఎవరిది?

"స్నానం చేసొచ్చి పాపని ముట్టుకో" అంది అత్తగారు, నేనింకా చెప్పులు విప్పకముందే. రోజూ అనే మాటే. మొదట్లో శుభ్రత కోసం అనుకునేదాన్ని. ఈమధ్య ఆ మాటంటూనే పాపని నాకు అందకుండా ఇటు చంకలోంచి అటు చంకకి మార్చుకుంటోంది. నాలుగేళ్ళ పిల్ల నాకేసి చేతులు చాపుతూ ఉంటే, నేను దొంగలా గోడవారగా బాత్‌రూమ్‌లోకి నడుస్తాను.

నేను ప్లైవుడ్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో జిగురు పరీక్షిస్తాను. పలచటి చెక్క పొరల్ని జిగురుతో అంటించి వేడిగా నొక్కితే ప్లైవుడ్. ఆ జిగురు నీళ్ళకి ఆగుతుందా, ఆరిపోయాక కూడా ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతోందా అని చూడటం నా పని. ఆ వాయువు ఎక్కువైతే కళ్ళు మండుతాయి, దగ్గొస్తుంది. మా పాపకి కొన్నాళ్ళుగా ఆ రెండూ ఉన్నాయి. డాక్టరు నన్ను చూసి "ఇంట్లో ఘాటు వాసనలేమైనా ఉన్నాయా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "ఈవిడ జిగురు కంపెనీలో చేస్తుందండీ." ఇక డాక్టరు నన్నేమీ అడగలేదు. ఇంటికొచ్చే దారిలో మా ఆయనే తేల్చేశాడు: "పిల్లకంటే ఎక్కువా నీ ఉద్యోగం? నెలాఖరుకి మానేస్తానని మేనేజరుకి చెప్పెయ్."

ఇన్నేళ్ళు ఆ ల్యాబ్‌లో ఉండి నా ముక్కు మొద్దుబారిపోయింది. నిజంగానే నేను మోసుకొస్తున్నానేమో! ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను, జుట్టు పట్టుకుని వాసన చూసుకున్నాను. తప్పు నీదే అంటే నమ్మడానికి తల్లికి సాక్ష్యం అక్కర్లేదు. కోపం రావలసిన చోట నాకు భయం వచ్చింది. ఆ ఉద్యోగం పోతే నాకేం మిగుల్తుంది? ఇంట్లో కూర ఏం వండాలన్నా నా మాట చెల్లదు. అక్కడ నేను కాదంటే సరుకు లారీ గేటు దాటదు.

ల్యాబ్‌లో నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయికి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటే, ఆ పిల్ల జాలిపడటం మానేసి నన్నే నిలదీసింది. "ముక్కుని కాదు, నీళ్ళని నమ్ము అని నన్ను రోజూ తిడతారు కదా మేడమ్. మీ ఇంట్లో ఆ రూలు లేదా?"

సిగ్గేసింది. మా పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. చెక్క ముక్కల పక్కన ఓ గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పెట్టి మూసేస్తే, చెక్క వదిలే వాయువుని నీళ్ళు పీల్చుకుంటాయి. ఆ నీళ్ళలో మందు కలిపి వెచ్చబెడితే పసుపు రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే వాయువు అంత ఎక్కువ. ఆ సాయంత్రం నేను విడిచిన బట్టల్ని ఓ గిన్నె నీళ్ళతో సహా మూతున్న డబ్బాలో పెట్టాను. ఇంకో గిన్నె పాప గదిలో కొత్త చెక్క బీరువాలో పెట్టి తలుపు మూశాను. షాపువాడు వాటర్‌ప్రూఫ్ అన్నాడని, చవగ్గా వస్తోందని మా ఆయన కొనేసిన ప్లైవుడ్‌తో చేయించిన బీరువా అది. ఇంట్లో జిగురు పరీక్షించే మనిషిని పెట్టుకుని, నన్నొక్క మాట అడగలేదు. పాప దగ్గు దాని వెనకాలే వచ్చిందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

మర్నాడు రెండు గిన్నెల నీళ్ళూ ల్యాబ్‌కి పట్టుకెళ్ళి మందు కలిపి చూస్తే, నా బట్టల దగ్గరి నీళ్ళు ఇంచుమించు తేటగానే ఉన్నాయి. బీరువాలోవి చిక్కటి పసుపు. కుర్చీలో కూలబడి ఏడ్చాను. నా తప్పు కాదని కొంత, పాప ఇన్నాళ్ళూ ఆ గదిలోనే పడుకుందని కొంత.

ఆ సాయంత్రం బీరువా వెనక నుంచి చిన్న చెక్క కోసి, పాత గిన్నెలో మరుగుతున్న నీళ్ళలో వేశాను.

"ఏం వండుతున్నావమ్మాయ్?" అత్తగారు వంటింట్లోకి తొంగిచూసింది.

"బీరువా, అత్తయ్యా."

"మతిగానీ పోయిందా?"

నిజంగా వాటర్‌ప్రూఫ్ జిగురైతే ఎంత మరిగినా అంత తొందరగా పట్టు వదలదు. ఇది కాసేపటికే పొరలు పొరలుగా విచ్చుకుంది. ఆ వాయువు ఎక్కువగా వదిలేది ఇలాంటి చవక జిగురే. మా ఆయన్ని పిలిచి చూపించాను. రెండు గిన్నెల నీళ్ళ సంగతీ చెప్పాను. అత్తగారు లోపలికెళ్ళి పాప దిండూ దుప్పటీ, వాటితోపాటు తన పక్కా తెచ్చి హాల్లో పరిచింది.

ఆయన గరిటెతో ఆ పొరల్ని కదిపి చూశాడు. "సరే, బీరువా తీయించేద్దాం" అన్నాడు. "నువ్వు మాత్రం ఉద్యోగం మానెయ్యి. తల్లి ఇంట్లో ఉంటే పాపకి మంచిది."

అంటే గొడవ వాసనతో కాదన్నమాట! రుజువు చూపిస్తే తీర్పు మారుతుందనుకున్న నా తెలివికి నాకే నవ్వొచ్చింది. పొయ్యి ఆపాను.

"నేను మానను" అన్నాను. "ఇంకా అడగాలనే ఉంటే, ఈసారి పాపని అడ్డం పెట్టుకోకుండా అడగండి."