కేతకీపట్నంలో గంగులు

పొందూరుకి కోసున్నర దూరంలో ఉన్న ఆ పల్లెలో బడీ, తపాలా రెండూ ఒకే పెంకుటింట్లో ఉండేవి. రెండింటికీ నరసింగరావు మేస్టారే పెద్ద. పొద్దున్న పిల్లలకి ఎక్కాలు చెప్పేవాడు, మధ్యాహ్నం సంచీ వస్తే ఉత్తరాలు చూసేవాడు. విజయనగరంలో కాలేజీ చదువు చదివి, కథలు రాసి పేరు తెచ్చుకోవాలనుకున్న మనిషి. రాసినవేవీ ఎవరూ వేసుకోలేదు. నలభై అయిదేళ్లు వచ్చేసరికి ఆయనకి మిగిలింది ఆ బడి అరుగూ, ఆ అరుగు మీదకి కబుర్లకి వచ్చే కరణం జగన్నాధమూను.

శనివారం శనివారం అసిరమ్మ వచ్చి అరుగు కింద నిలబడేది. నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి ఆమె తీసే సన్ననూలు కోసం పొందూరు నేతగాళ్లు కాచుకునేవారు. ఆమె మొగుడు గంగులు అరవై రెండులో విశాఖపట్నం రేవులో పనికి చేరి, ఓడ ఎక్కుతున్నానని ఒక కార్డు రాయించి, తరవాత పత్తా లేకుండా పోయాడు. నాలుగేళ్లుగా ఆమెది ఒకటే ప్రశ్న.

"బాబూ, మా మావ కాడినుంచి ఏటైనా వొచ్చినాదా?"

అరవై ఆరు వేసవిలో ఒక శనివారం మేస్టారి చేతిలో ఒక కవరు ఉంది. ఏదో పత్రికవాళ్లు ఆయన కథ తిప్పి పంపిన కవరు. ఆయన ముఖం మాడిపోయి ఉంది. అసిరమ్మ ఆ కవరు చూసింది.

"అది నాదేనా బాబూ?"

పక్కనున్న జగన్నాధం కన్ను గీటాడు. మేస్టారు కవరులోంచి కాగితం తీసి, "నీదే. కూర్చో," అన్నాడు.

తమ పత్రికకి ఈ రచన సరిపడదని మూడు ముక్కల్లో రాసిన ఆ కాగితం పట్టుకుని ఆయన పావుగంట చదివాడు. గంగులు కులాసాగా ఉన్నాడనీ, ఓడ దారి తప్పి కేతకీపట్నం అనే రేవుకి చేరిందనీ, అది తూర్పున ఇరవై మూడు రోజుల ప్రయాణమనీ చదివాడు. అసిరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆమె వెళ్లాక జగన్నాధం నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు.

ఒక్కరోజు వేళాకోళంగా అది అక్కడితో ఆగిపోవలసిందే. కాని ఆ రాత్రి మేస్టారు నాలుగు పేజీలు రాశాడు. ఎన్నో ఏళ్ల తరవాత కలం ఆగకుండా నడిచింది. మరుసటి శనివారానికి ఆయనే అసిరమ్మ కోసం ఎదురుచూశాడు.

అలా రెండేళ్లలో కేతకీపట్నం పెరిగింది. హరిణి అనే నది ఒండ్రు తెచ్చి పోసిన దిబ్బల మీద కట్టిన ఊరది. పూర్వం ఓడిపోయి పారిపోతున్న రాజొకణ్ణి తెడ్లు వేసేవాళ్లు ఇసక తిన్నె మీద దింపేసి, అతని ఓడల్లో సరుకు అమ్ముకుని బతకడం మొదలుపెట్టారు. అందుకే ఆ ఊరికి రాజు లేడు. సంత మధ్య తాటిచెట్టంత ఎత్తు త్రాసు ఉంటుంది, దానికే పూజలు. తప్పుడు తూకం వేసినవాణ్ణి ఆ త్రాసు పళ్లెంలో ఎండలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో వాడి సరుకు పోసి దారినపోయేవాళ్లకి పంచేస్తారు. అరవై ఏళ్లకోసారి నది దారి మార్చుకుంటుంది. ఊరంతా దాని వెంట కదులుతుంది. గోడలు వదిలేసి, ఇంటి తలుపు ఒక్కటే మోసుకుపోతారు. తలుపు మీద గాట్లు లెక్కపెట్టి ఎంత పాత కుటుంబమో చెప్తారు. బయటినుంచి వచ్చినవాళ్లకి రేవులోకి వచ్చే లోతు దారి తెలిసిపోతుంది కనక, వాళ్ల మణికట్టుకి పసుపు తాడు కడతారు; ఊరి పెద్దలు సెలవిచ్చి దాన్ని తీసేస్తే తప్ప వాళ్లు తిరిగిపోవడానికి వీల్లేదు. గంగులు రాకపోవడానికి కారణం అదే.

అసిరమ్మ ఊరికే విని వెళ్లిపోయే మనిషి కాదు.

"బాబూ, నిలకడైన నేల నేని ఊరు కదా, మరి సచ్చిపోయినోళ్లని ఎక్కడ పెడతారు?"

మేస్టారికి ఆ సంగతి తట్టలేదు. "వచ్చే ఉత్తరంలో రాస్తాడులే," అన్నాడు. ఆ వారమంతా ఆలోచించి, పాతబడ్డ పడవలో పడుకోబెట్టి ఆటుపోటు మీద వదిలేస్తారని తేల్చాడు. అది విని ఆమె కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, "పడవ తిరిగొచ్చేస్తే?" అని అడిగింది. దానికి ఇంకో పది పేజీలు పట్టాయి. ఆయన ఎక్కడైనా తడబడితే, "కాదు బాబూ, ఉప్పు బజారు ఉత్తరం పక్కనని పోయిన్నెల సెప్పినారు," అని దిద్దేది.

ఏటా దసరాకి ఆమె చుట్టలు కట్టిన మంచి నూలు చిలపలు నాలుగు తెచ్చి, మొగుడికి పంపమని ఇచ్చేది. మేస్టారు వాటితో తనకి ఉత్తరీయం నేయించుకున్నాడు.

ఓసారి జగన్నాధం, మరీ చప్పగా ఉందంటూ పట్టుపట్టి, గంగుల్ని త్రాసులో కూర్చోబెట్టారని చదివించాడు. అసిరమ్మ మూడు రోజులు పచ్చిగంగ ముట్టలేదు. నాలుగోరోజు సొమ్మసిల్లి రాట్నం మీద పడిపోయిందని విని, జగన్నాధం ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వాడు. అదంతా బూటకమని ఊరు మొత్తానికి తెలుసు. ఆమెకి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

అరవై ఎనిమిది మాఘమాసంలో గంగులు నిజంగానే తిరిగి వచ్చాడు.

ఒక కాలు ఈడ్చుకుంటూ, భుజాన రేకుపెట్టె పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధిలోకి దిగాడు. ఎక్కిన ఓడ దిగింది మొదలు ఇన్నాళ్లూ కలకత్తా రేవులోనే ఉన్నాడు. మూటలు మోశాడు. పెట్టె పడి కాలు విరిగితే ఆస్పత్రిలో పడి ఉన్నాడు. ఇంటికి ముఖం చూపించలేక ఉత్తరం రాయించలేదు. జనం పోగయ్యారు. అసిరమ్మ పరుగున వచ్చి అతని చేతులు పట్టుకుంది. ముందు మణికట్టు చూసింది, బయటివాళ్లకి కేతకీపట్నంలో కట్టే పసుపు తాడు కోసం.

"తాడు తీసేసినారా మావా? పెద్దలు సెలవిచ్చినారా?"

"ఏ తాడే?"

"కేతకపట్నం తాడు. నాకన్నీ తెలుసు. మేస్టారు సదివినారు. త్రాసులో కూకోబెట్టినప్పుడు కాలికి దెబ్బ తగిలినాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. గంగులు తెల్లబోయి చూశాడు. జగన్నాధం ముందుకు వచ్చి అతని భుజం తట్టాడు.

"ఒరే గంగులూ, నువ్వు లేకపోతే ఏం, నీ పెళ్లానికి కాలక్షేపం బాగానే జరిగిందిరా. రెండేళ్లుగా శనివారం మధ్యాహ్నమంతా మా నరసింగరావు అరుగు మీదే."

గంగులు అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె కిందపడి, లేచి నిలబడి, దెబ్బ సంగతి మాట్లాడకుండా, "అయితే నువ్వు అక్కడ నేవా?" అని అడిగింది. రెండో దెబ్బ పడింది.

ఆ సాయంత్రమే అతను కొత్తవలసలో ఉన్న అక్క చిన్నతల్లి ఇంటికి పోతానన్నాడు. కొత్త రైలు దారి పడ్డాక అక్కడ కూలిపని దొరుకుతోంది. అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా మీద అనుమానమైతే మేస్టార్నే అడుగుదాం. ఆయన నోటితో సెప్తాడు. తరవాత ఎల్దువు," అంది. మర్నాడు ఒక్కతే బడికి వెళ్లింది.

"బాబూ, ఆ ఊరు నేదా?"

మేస్టారు తలెత్తలేదు. "ఏ ఊరు?"

"నాకు ఊరొద్దు. మా మావకి ఒక్క మాట సెప్పండి. ఉత్తరం సదువుతుంటే ఇన్నాదీ, మరేటీ నేదూ అని. మీ కాళ్లు పట్టుకుంతాను."

"నేను ఎవరి ఉత్తరాలూ చదవలేదు. లేని ఉత్తరం చదివానంటే నా ఉద్యోగం ఉంటుందా? నువ్వే ఏవేవో ఊహించుకున్నావు. వెళ్లు."

అసిరమ్మ బయటికి వచ్చింది. ఊరి కూడలిలో తెలిసిన సంగతి ఏమిటంటే, వచ్చే ఉగాదికి విజయనగరంలో ఒక సాహిత్య సభలో మేస్టారు తన పెద్ద రచన చదవబోతున్నాడు. దాని పేరు కేతకీపట్నం. ఆమె ఇంటికి వచ్చి మొగుడితో చెప్పింది. "కాగితం మీద రాసుకున్నాడు మావా. పదిమంది ముందు సదువుతాడు. నువ్వే ఇను. అప్పుడు నీకే తెలుస్తాది." గంగులు గొణిగి గొణిగి ఉగాది దాకా ఆగాడు.

ఉగాదినాడు పొందూరులో పాసింజరు ఎక్కి ఇద్దరూ విజయనగరం వెళ్లారు. సభ ఒక హైస్కూలు హాలులో. వెనక గోడ వారన నేల మీద కూర్చున్నారు. మేస్టారు వేదిక ఎక్కగానే అసిరమ్మ ఆయన భుజం మీది ఉత్తరీయం చూసింది. తన నూలు తనకి తెలియకపోదు.

ఆయన బాగా చదివాడు. నదీ, తలుపులూ, రాజుని దింపేసిన తెడ్లవాళ్లూ, శవాల పడవలూ. పెద్దపెద్దవాళ్లు తలలూపారు. చనిపోయినవాళ్ల పడవ తిరిగివచ్చే ఘట్టానికి చప్పట్లు మోగాయి. గంగులు మోకాలి మీద గడ్డం ఆనించి విన్నాడు. చివరికి, "నిజమేనే. ఈడు కట్టినదే ఇదంతా," అని నెమ్మదిగా అన్నాడు. అసిరమ్మకి నెలరోజుల తరవాత ఊపిరి ఆడింది.

అప్పుడు మేస్టారు పేజీ తిప్పి, "ఇక కొంచెం హాస్యం," అన్నాడు.

ఆ భాగంలో ఒక పల్లెటూరి ఆడది ఉంది. మొగుడు కేతకీపట్నంలో ఉన్నాడని నమ్మి, రోజూ రాట్నం ముందు కూర్చుని వాడితో మాట్లాడుతుంది. మేస్టారు గొంతు మార్చి, ఆమె యాసని అనుకరిస్తూ చదివాడు. "ఏటి బాబూ, సచ్చిపోయినోళ్లని ఎక్కడ పెడతారు?" హాలు పగిలిపోయేలా జనం నవ్వారు. మూడు రోజుల ఉపవాసమూ ఉంది. రాట్నం మీద పడిపోవడమూ ఉంది. ఆడదాని పేరు అసిరి. మొగుడి పేరు గంగులు. వాడు అక్కడ ఇంకోదాన్ని కట్టుకుని ఉంటాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు, పెళ్లానికి తప్ప. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

అసిరమ్మ మొగుడి వైపు తిరిగింది. గంగులు అప్పటికే లేచి బయటికి నడుస్తున్నాడు.

స్టేషను దాకా ఆమె వెనకే వెళ్లింది. ప్లాట్‌ఫారం మీద అతని ముందుకు వచ్చి నిలబడింది. "ఇన్నావు కదా. నా తప్పేటైనా ఉన్నాదా?"

"నేదు," అన్నాడు గంగులు.

"మరింటికి ఎల్దాం."

"ఏ ముఖంతో ఎల్దాం? నువ్వు తప్పు సేసుంటే కొట్టి ఏలుకుందును. ఇయ్యాల ఇజీనారం అంతా నా పేరు సెప్పుకుని నవ్వినాది. ఇంత ఎర్రిముండతో నానెలగ బతుకుతానే?"

వాల్తేరు వైపు బండి వచ్చింది. అతను కుంటుకుంటూ ఎక్కి, అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆమె సాయంత్రం బండికి ఒక్కతే పొందూరు వెళ్లింది. గంగులు మరి రాలేదు. కొత్తవలసలో ఇంకో మనువు చేసుకున్నాడని ఆ వర్షాకాలంలో కబురు తెలిసింది.

అసిరమ్మ మళ్లీ బడి వైపు పోలేదు. మేస్టారికి విజయనగరంలో శాలువా కప్పారు. రెండో సంపుటం రాయమని ఎవరో అడిగారు కూడా. ఆయన కూర్చున్నాడు గాని కలం కదల్లేదు. జగన్నాధానికి వినే ఓపిక లేదు, అడిగే బుద్ధి అంతకన్నా లేదు. ఆరు నెలలు అలా గడిచాక, ఒక పొద్దున్న మేస్టారే అసిరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె పత్తి దువ్వుతోంది.

"అసిరమ్మా, కేతకీపట్నం సంగతులు ఇంకా కొన్ని ఉన్నాయి. వింటావా?"

"ఆ ఊరు నేదు బాబూ," అంది ఆమె, తలెత్తకుండా. "ములిగిపోనాది. ఉప్పెనొచ్చినాది. మడిసి మిగల్నేదు. మా మావ కూడా పోనాడు."

మేస్టారి కళ్లు మెరిశాయి. జేబులోంచి పెన్సిలూ, చిన్న పుస్తకమూ తీశాడు. "ఎలా మునిగింది? నీళ్లు ఏ పక్కనుంచి వచ్చాయి?"

అసిరమ్మ ఆ పెన్సిలు వైపు చూసింది. తరవాత ఇంకో గుప్పెడు పత్తి అందుకుని దువ్వడం మొదలుపెట్టింది. ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.